పది మిల్లీవోల్టులు తగ్గించి ఒక పూట ఆగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వేడి గురించే. ఆశ్చర్యమేమీ లేదు. రోహిణీ కార్తెకు రోళ్ళు పగులుతాయని మన పెద్దలన్నారు. చెన్నైలో ఈ రోజులను కత్తిరి ఎండలంటారు. రిచీ స్ట్రీట్‌లో మా మరమ్మతు బల్ల మీదకు ఏడాది మొత్తంలో ఎక్కువ గేమింగ్ ల్యాప్‌టాప్‌లు వచ్చేది మే నెలలోనే. అందుకే ఈసారి మూడు ఉత్తరాలకే జవాబిస్తున్నాను. మొదటిదానికి కాస్త పొడుగ్గా చెప్పక తప్పదు.

ప్రశ్న: మాది ఒంగోలు. షోలింగనల్లూరులో హాస్టల్లో ఉంటూ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నిరుడు వాడిన ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. అందులో ఉన్నది ఇంటెల్ ఐ7 9750హెచ్ ప్రాసెసర్. గేమ్ మొదలుపెట్టిన పావుగంటకు 97 డిగ్రీలు చూపిస్తుంది, ఆ తర్వాత ఆట తడబడుతుంది. పక్క గదిలోని స్నేహితుడిదీ ఇదే ప్రాసెసర్. అతను అండర్‌వోల్టింగ్ చేసి, అంటే ప్రాసెసర్‌కు అందే వోల్టేజీ తగ్గించి, మైనస్ 140 మిల్లీవోల్టులు పెట్టుకున్నాడు, హాయిగా ఆడుకుంటున్నాడు. అదే అంకె నేను పెడితే మూడు నిమిషాల్లో నీలి తెర వచ్చి ఆగిపోయింది. నా ప్రాసెసర్ దెబ్బతిన్నదా? మళ్ళీ ప్రయత్నించవచ్చా?
— ఒక విద్యార్థి, షోలింగనల్లూరు

జవాబు: బాబూ, దెబ్బతినలేదు. ముందు ఆ భయం వదిలేయండి. ప్రాసెసర్‌ను పాడుచేసేది ఎక్కువ వోల్టేజీ. తక్కువ వోల్టేజీ ఇస్తే లోపలి ట్రాన్సిస్టర్లు సమయానికి మారలేక లెక్క తప్పుతాయి, లెక్క తప్పిందని తెలియగానే విండోస్ ఆగిపోతుంది. మీరు చూసిన నీలి తెర అదే. పొయ్యి మీద మంట చాలక అన్నం ఉడకకపోతే గిన్నె పాడవదు కదా. అయితే ఫైలు రాస్తున్న క్షణంలో మెషీన్ ఆగిపోతే ఆ ఫైలు పోవచ్చు. కాబట్టి మళ్ళీ ప్రయత్నించే ముందు మీ కాలేజీ ప్రాజెక్టు మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఈ ఒక్క పనీ చేయకుండా ముందుకు వెళ్ళవద్దు.

మీరు చేసిన పొరపాటు ఒక్కటే, స్నేహితుడి అంకెను అరువు తెచ్చుకోవడం. ప్రాసెసర్ పేరు ఒకటైనంత మాత్రాన రెండు చిప్పులూ ఒకటి కావు. ఒకే సిలికాన్ పలక నుంచి పక్కపక్కనే కోసిన చిప్పుల్లో కూడా ఒకటి తక్కువ వోల్టేజీతో పనిచేస్తే ఇంకొకటి మరికొంత అడుగుతుంది. మూడేళ్ళ కిందట అన్నదమ్ములిద్దరు ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే మోడల్ కొన్న రెండు ల్యాప్‌టాప్‌లు నా దగ్గరకు తెచ్చారు. పక్కపక్కన పెట్టి రెండు రోజులు పరీక్షించాను. అన్నది మైనస్ 135 దాకా నిలబడింది. తమ్ముడిది 85 దగ్గరే తడబడితే 75 వద్ద ఆపి ఇచ్చాను. తమ్ముడు నొచ్చుకున్నాడు కానీ, అతని మెషీనులో లోపమేమీ లేదు. తయారీ కంపెనీ ఒక్కో చిప్పుకూ ఎంత ఇస్తే ఎలాంటి పరిస్థితిలోనైనా, నాలుగైదేళ్ళు పాతబడ్డాక కూడా తప్పు చేయకుండా నడుస్తుందో అంత, దాని మీద ఇంకొంత మార్జిను కలిపి వోల్టేజీ నిర్ణయిస్తుంది. ఆ మార్జినులోంచి మనం కొంత వెనక్కి తీసుకోవడమే అండర్‌వోల్టింగ్. మార్జిను ఒక్కో చిప్పుకు ఒక్కోలా మిగులుతుంది.

అంత చిన్న తగ్గింపుతో వేడి ఎలా తగ్గుతుందని చాలామంది అడుగుతారు. వేగం మారనప్పుడు ప్రాసెసర్ తినే విద్యుత్తు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. లెక్క వేసి చూడండి. 1.15 వోల్టుల దగ్గర 60 వాట్లు తింటున్న ప్రాసెసర్‌కు 100 మిల్లీవోల్టులు తగ్గిస్తే 1.05 అవుతుంది. ఆ రెండింటి నిష్పత్తిని వర్గం చేస్తే 0.83 వస్తుంది. అంటే 60 వాట్లు 50కి దిగుతాయి. వేగం తగ్గలేదు, ఆట తగ్గలేదు, పది వాట్ల వేడి మాత్రం పుట్టకుండానే పోయింది. ఫ్యాను ఎంత గట్టిగా తిరిగినా పుట్టిన వేడిని బయటికి తోయగలదు కానీ పుట్టకుండా ఆపలేదు. ఈ పద్ధతి మీద నాకు ఇంత ఇష్టం అందుకే.

కానీ వోల్టేజీ జోలికి వెళ్ళే ముందు ఒక పని ఉంది. మీది వాడిన ల్యాప్‌టాప్ అన్నారు. అడుగు మూత ఎప్పుడైనా తీశారా? పోయిన వారం తిరువొత్తియూరు నుంచి ఒక ల్యాప్‌టాప్ వచ్చింది. ఫ్యాను విప్పి చూస్తే, గాలి బయటికి పోవాల్సిన రాగి రెక్కల ముందు బూడిద రంగు దుప్పటి ముక్కలాంటిది అడ్డంగా అతుక్కుని ఉంది. పట్టకారుతో ఒక మూల పట్టి లాగితే చిరగకుండా మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. దుమ్ము, దుప్పటి నూలు, వెంట్రుకలు, వాటిని కలిపి అతికించింది మన సముద్రపు తేమ. ఆ ముక్కను బల్ల మీద పెట్టి, ల్యాప్‌టాప్ తెచ్చిన అబ్బాయిని వేలితో తాకి చూడమన్నాను. చెమ్మగా తగిలింది. చెన్నైలో దుమ్ము పొడిగా ఎగిరిపోదు, గోడకు సున్నంలా పట్టుకుంటుంది. దాని వెనుక ఉన్న ప్రాసెసర్‌కు ఎన్ని మిల్లీవోల్టులు తగ్గించి ఏం లాభం? ఆ అబ్బాయి మెషీన్ శుభ్రం చేసినందుకే 11 డిగ్రీలు తగ్గింది, వోల్టేజీ ముట్టుకోనేలేదు.

శుభ్రం చేసేటప్పుడు బ్లోయరు వాడితే ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. గాలి వేగానికి విచ్చలవిడిగా తిరిగితే బేరింగు చెడుతుంది. ప్రాసెసర్ వేడిని రాగి గొట్టాలకు అందించే థర్మల్ పేస్టు ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి ఉంటే తుడిచి కొత్తది పెట్టించండి. అలవాటు లేకపోతే ఈ పని మీరే చేయవద్దు. రాగి గొట్టాల మీది స్క్రూలను వాటి మీద రాసిన అంకెల వరుసలో బిగించాలి. ఒక వైపు ఎక్కువ బిగిస్తే ప్రాసెసర్ మీద ఒత్తిడి సమంగా పడదు, వేడి ఇంకా పెరుగుతుంది.

హాస్టల్లో మంచం మీద, పరుపు మీద పెట్టి ఆడుతున్నారా? మీ ఉత్తరంలో రాయలేదు కానీ, షోలింగనల్లూరు వైపు హాస్టళ్ళలో బల్ల ఉండే గది అరుదని నాకు తెలుసు. గాలి లోపలికి వెళ్ళే రంధ్రాలు అడుగునే ఉంటాయి, పరుపు వాటిని పూర్తిగా మూసేస్తుంది. ఒక పెద్ద పరీక్ష అట్ట వేసి, వెనుక వైపు రెండు అంగుళాలు ఎత్తు వచ్చేలా పుస్తకాలు పెట్టండి. ఇంకో మాట, ప్రాసెసర్ వేడి ఎప్పుడూ గది వేడికి పైన లెక్క. ఏసీ గదిలో 26 డిగ్రీల దగ్గర కొలిచిన స్నేహితుడి అంకెనూ, ఫ్యాను కింద 34 డిగ్రీల గదిలో కొలిచిన మీ అంకెనూ పోల్చకండి. ఆ ఎనిమిది డిగ్రీలు మెషీనువి కావు, గదివి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మీ ప్రాసెసర్ 2019 నాటిది, ఆరు కోర్లు, 45 వాట్ల తరగతి. థ్రాటిల్‌స్టాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి సరిపోతుంది. తెరిచాక ఎఫ్‌ఐవీఆర్ అనే మీట నొక్కండి. అక్కడ సీపీయూ కోర్ ఎంచుకుని, వోల్టేజీ మార్చడానికి అనుమతించే గడిలో టిక్కు పెట్టి, ఆఫ్‌సెట్‌ను, అంటే తగ్గింపు అంకెను, మైనస్ 50కి జరపండి. తర్వాత సీపీయూ కాష్ ఎంచుకుని దానికీ అదే అంకె ఇవ్వండి. మీ తరం ప్రాసెసర్లలో చాలామంది ఇక్కడే తప్పుతారు. కోర్‌కు మాత్రమే తగ్గించి, కాష్‌ను వదిలేసి, ఏమీ మారలేదంటూ వస్తారు. రెండూ కలిసి దిగాలి. ఆ కిటికీలోనే వోల్టేజీలను వెంటనే దాచుకోకుండా ఉండే ఎంపిక ఉంటుంది, దాన్ని ఎంచుకుని అప్లై మాత్రమే నొక్కండి. అప్పుడు నీలి తెర వచ్చినా, పవర్ మీట పది సెకన్లు నొక్కి ఆర్పి మళ్ళీ వేస్తే పాత వోల్టేజీతోనే లేస్తుంది.

మైనస్ 50 వద్ద, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ పరీక్ష అరగంట నడపండి. నిలిస్తే మీరు రోజూ ఆడే గేమ్ గంటసేపు ఆడండి. అదీ నిలిస్తే ఇంకో పది తగ్గించండి, అంతే, ఇరవై వద్దు. ప్రతి పదికీ ఒక పూట ఇవ్వండి. ఇంత నెమ్మది ఎందుకంటారా? బరువైన పరీక్షలో నిలిచిన అంకె ఖాళీగా ఉన్నప్పుడు నిలుస్తుందన్న హామీ లేదు. ప్రాసెసర్ వేగం తగ్గించుకుని కునుకు తీసేటప్పుడు దాని వోల్టేజీ అసలే తక్కువ, అందులోంచి మీరు తగ్గించినదీ పోతుంది. గేమ్‌లో మూడు గంటలు బాగా నడిచి, ఆట ముగించి బ్రౌజర్ తెరిచిన క్షణంలో పడిపోయిన మెషీన్లు నేను ఎన్నో చూశాను. అందుకే ఆ పూటలో కొంతసేపు ఖాళీగా వదిలేయండి, ఒకసారి నిద్రపుచ్చి లేపండి.

ఇంకొక పరీక్ష ఉంది, దీన్ని ఎవరూ చేయరు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ విభాగంలో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో హెచ్చరికలున్నాయేమో చూడండి. ప్రాసెసర్ తప్పు చేసి, తానే దిద్దుకుని, మీకు చెప్పకుండా ముందుకు సాగిన సందర్భాలు అక్కడ నమోదవుతాయి. తెర మీద ఏమీ కనిపించకపోయినా అక్కడ ఒక్క వరుస కొత్తగా చేరిందంటే మీరు హద్దు దాటినట్టే. వెంటనే 15 వెనక్కి రండి. అలా తేలిన అంకె 70 అయినా 120 అయినా అదే మీది. దాన్ని దాచుకుని వాడుకోండి. తీరా అంత చేశాక ఉష్ణోగ్రత చూస్తే 97కు బదులు 94 మాత్రమే కనిపించవచ్చు. అప్పుడు నిరాశపడకండి, వేగం చూడండి. ఇంతకు ముందు వేడికి తట్టుకోలేక 3.1 గిగాహెర్ట్జ్‌కు దిగిపోయిన ప్రాసెసర్, ఇప్పుడు అదే వేడిలో 3.7 దగ్గర నిలబడి ఉంటుంది. మిగిల్చిన వాట్లను అది వేగంగా మార్చుకుంది. మీ ఆట తడబడటం ఆగుతుంది, అడిగింది అదే కదా. వేడి కూడా తగ్గాలంటే టర్బోను, అంటే పని పడినప్పుడు ప్రాసెసర్ మామూలు కంటే పెంచుకునే వేగాన్ని, అదుపు చేయాలి. ఎఫ్‌ఐవీఆర్ కిటికీలోనే టర్బో నిష్పత్తులుంటాయి, ఆరు కోర్ల గరిష్ఠ వేగాన్ని 35 దగ్గర, అంటే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆపండి. వోల్టేజీ తగ్గింపు, టర్బో పరిమితి, ఈ రెండూ కలిపితేనే చెన్నై ఎండలో 80ల్లోకి దిగుతుంది. ఒక్కదానితో దిగిన సందర్భాలు నా అనుభవంలో తక్కువ.

మీ స్లైడర్ జరిగిందంటే మీకు అదృష్టం ఉన్నట్టే. చాలామందికి అది కదలదు. 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, గ్రాట్జ్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్లండర్‌వోల్ట్ అనే లోపాన్ని బయటపెట్టారు. సాఫ్ట్‌వేర్‌తో వోల్టేజీని తగ్గించి, ఇంటెల్ ప్రాసెసర్‌లో రహస్యాలు భద్రంగా ఉండాల్సిన చోట కావాలని లెక్క తప్పించి, ఆ తప్పుల ద్వారా రహస్యపు తాళాలను రాబట్టవచ్చని వారు చూపించారు. దానికి విరుగుడుగా వచ్చిన బయోస్ (మెషీన్ వేయగానే మొదట నడిచే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వోల్టేజీ మార్పునే మూసేశాయి. ఆ తర్వాత వచ్చిన ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అది మొదటి నుంచే మూసి ఉంటుంది. మీది ఇప్పుడు తెరిచి ఉందంటే పాత బయోస్‌తో ఉండి ఉండవచ్చు. అప్‌డేట్ చేస్తే మూసుకుపోవచ్చు. చేయవద్దని నేను చెప్పను. ఆ మెషీనులో బ్యాంకు పనులు చేస్తుంటే అప్‌డేట్ చేయండి, వోల్టేజీని వదిలేసి టర్బో పరిమితితోనే సరిపెట్టుకోండి. ఆటకు, చదువుకు మాత్రమే వాడుతుంటే నిర్ణయం మీది. కొన్ని మెషీన్లలో విండోస్ మెమరీ ఇంటెగ్రిటీ రక్షణను ఆపితే తప్ప స్లైడర్ కదలదు. పది డిగ్రీల కోసం ఆ రక్షణను తీసేయమని నా దగ్గరకు వచ్చేవారికి నేను ఎప్పుడూ చెప్పలేదు, మీకూ చెప్పను.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రిళ్ళు ల్యాప్‌టాప్‌లో ఆటలాడతాడు. కీబోర్డు మీద చెయ్యి పెడితే కాలుతోంది. 95 డిగ్రీలు మామూలేనంటాడు. నీళ్ళు మరిగే వేడి మామూలు ఎలా అవుతుంది? అది పేలిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, పెరంబూరు

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. కానీ చూడాల్సిన చోటు వేరు. ఆ 95 డిగ్రీలు ఉండేది గోరంత చిప్పు లోపల. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. దాన్ని తాకగానే వేగం తగ్గించుకుంటుంది, అయినా ఆగకపోతే మెషీనును ఆర్పేస్తుంది. ప్రాసెసర్ పేలదు. మీరు గమనించాల్సింది బ్యాటరీని.

రేపు పగటిపూట అబ్బాయి ల్యాప్‌టాప్ ఆర్పి, మూత మూసి, బండ మీద పెట్టండి. నాలుగు మూలలూ సమంగా ఆనుతున్నాయా? ఒక మూల నొక్కితే అవతలి మూల లేస్తోందా? మూత తెరిచి, మౌసుకు బదులు వేలితో జరిపే ఆ నున్నని పలక చూడండి. అది పైకి ఉబ్బినట్టున్నా, నొక్కితే పూర్వంలా దిగకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అలా కనిపిస్తే చార్జింగు పెట్టవద్దు, ఆ రోజే మార్పించండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం గానీ వంచడం గానీ ఎవరూ చేయకూడదు, దాని ప్రమాదం నిజమైనది. మామూలుగా ఉంటే మీరు నిశ్చింతగా పడుకోవచ్చు. రోజంతా చార్జరుకు తగిలించి ఆడేవాడైతే, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చార్జింగును 80 శాతం వద్ద ఆపే ఏర్పాటు ఉందేమో చూసి పెట్టమనండి. నిండుగా, వేడిగా ఉండే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

చెయ్యి కాలడం గురించి అబ్బాయికి ఒక మాట చెప్పండి. సెకనుకు 144 ఫ్రేముల తెర ఉన్నా గేమ్‌ను 60 దగ్గర ఆపుకోవచ్చు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పు రెండింటికీ పని తగ్గుతుంది, కీబోర్డు వేడి ఆ రాత్రే తగ్గుతుంది. ఆన్‌లైన్ పోటీలు ఆడేవాడైతే ఒప్పుకోడు. కథ నడిచే ఆటలైతే తేడా కూడా తెలియదు.

ప్రశ్న: నాది ఏఎండీ రైజెన్ 7 5800హెచ్. ఇందులో థ్రాటిల్‌స్టాప్ పనిచేయడం లేదు. నాకు దారి లేదా?
— ఒక ఉద్యోగి, ఆవడి

జవాబు: థ్రాటిల్‌స్టాప్ ఇంటెల్‌కే. మీ తరం ఏఎండీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీని నేరుగా తగ్గించే అవకాశం చాలా కంపెనీలు ఇవ్వలేదు. అయితే మీ వేడిలో సగం గ్రాఫిక్స్ చిప్పుదే అయి ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో రెండు చిప్పులకూ ఒకే రాగి గొట్టాలు, కాబట్టి ఒకటి చల్లబడితే రెండోది కూడా కొంత చల్లబడుతుంది. మీది ఎన్‌విడియా గ్రాఫిక్స్ అయితే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకుని కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కండి. వోల్టేజీ, వేగాల గీత ఒకటి తెరుచుకుంటుంది. ఆటలో మామూలుగా చూపించే వేగాన్ని రాసి పెట్టుకోండి. గీతలో ఇప్పుడున్న దానికంటే 50 మిల్లీవోల్టులు తక్కువ ఉన్న చుక్కను ఆ వేగం దాకా పైకి లాగి, దాని కుడివైపు చుక్కలన్నింటినీ అదే ఎత్తుకు సమం చేయండి. గంటసేపు ఆడండి. రంగురంగుల చుక్కలు మెరిసినా, గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోయినా ఆ తగ్గింపు మీ చిప్పుకు ఎక్కువైందని అర్థం, పది వెనక్కి రండి.

ప్రాసెసర్ వైపు, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతానికి దింపి ఒక రోజు ఆడి చూడండి. టర్బో ఆగిపోతుంది, వేడి చెప్పుకోదగ్గంత పడిపోతుంది. ఎక్కువ గేముల్లో ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి. మీరు ఆడేదానిలో బాగా తగ్గితే తిరిగి 100కు మార్చేసి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని నిశ్శబ్ద మోడ్‌తో ప్రయత్నించండి. రెండింటి అంకెలూ, గది ఉష్ణోగ్రతతో సహా, రాసి పంపితే తర్వాతి సంచికలో చూద్దాం.